పాత మహలు గోడకు సున్నపు గచ్చు అతికే పద్ధతి

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ గోడల మీద కనిపించే పూలు, లతలు సున్నపు గచ్చుతో, అంటే సున్నం, ఇసుక కలిపి గోడకు వేసే పూతతో తీర్చినవి. అలాంటి గోడకు సిమెంటు తగలనివ్వకండి. గోడలోని చెమ్మను సున్నం బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. దారి దొరకని చెమ్మ పక్కనున్న పాత గచ్చులోకి చేరుతుంది, అందులోని ఉప్పు గడ్డకట్టి గచ్చును పొడిగా రాలుస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతులో పాత సిమెంటు పూతలను ఒలవాల్సి వచ్చింది ఇందుకే.

ముందు నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో పట్టుకోండి. చాలాసార్లు మూసుకుపోయిన తూమే కారణం. పగుళ్లలో రావి మొక్క ఉంటే పీకొద్దు, వేరుతోపాటు రాయీ కదులుతుంది. మొదలంటా కోసి, వేరు చచ్చాక తియ్యాలి.

తర్వాత చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట సుద్దతో గీయండి. నగిషీ ఉన్నచోట డొల్లగా ఉన్నా ఊడదీయకుండా, సన్నటి రంధ్రంలోంచి పలుచని సున్నం ఎక్కించడం మేలు.

సున్నపు గడ్డలను నీళ్లలో వెయ్యాలి, గడ్డల మీద నీళ్లు పోయకూడదు, పైకి చిమ్మి కళ్లు పోతాయి. జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిపి, కనీసం నెల నాననివ్వండి. నీళ్లలో విచ్చుకోని సున్నపు పలుకులు మిగిలితే పూత వేశాక గచ్చు మీద బుడిపెలుగా పేలతాయి. అడుగు పూతకు సున్నం, ఇసుక, ఇటుక పొడి ఒక్కో పాలు వేసి గానుగలో నూరాలి. పాత గచ్చులో ఇసుక ఎక్కువగా కనిపిస్తే ఆ మేరకు మార్చుకోవాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతారు. బెల్లం ఎక్కువైతే గచ్చు గట్టిపడదు కాబట్టి, ముందు అడుగు చదరంలో నమూనా వేసి చూడండి.

గోడను ముందురోజే తడపండి. ఒక్కో పూత 10-12 మిల్లీమీటర్లు దాటొద్దు. బిగిశాక గీతలు గీసి, తర్వాతి పూత వెయ్యాలి. పై పూత 3 మిల్లీమీటర్లు చాలు, దాన్ని నున్నటి రాతితో రుద్దాలి. తడి గోనెపట్టాలు కనీసం పది రోజులు కప్పాలి. ఇక్కడ తొందరపడితేనే పగుళ్లు. మెత్తగా ఉండగా పగిలితే తాపీతో అదిమేస్తే సరిపోతుంది. రంగుకు వెల్ల వాడండి, ప్లాస్టిక్ పెయింటు వద్దు.

రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా సుత్తి కూడా తగిలించకండి.