ఇండియాకి టికెట్లు తీశారా? పైప్‌ఫిష్‌ని ఎవరు చూస్తారు?

పోయిన జనవరిలో మా పక్కవీధి అబ్బాయి సంక్రాంతికి గుంటూరు వెళ్లి, మూడు వారాల తర్వాత డాలస్ తిరిగొచ్చాడు. అక్వేరియంలో క్లౌన్‌ఫిష్‌లు రెండూ గుండ్రాయిల్లా ఉన్నాయి. పగడాలు విచ్చుకునే ఉన్నాయి. నీళ్లు టెస్ట్ చేస్తే ఏ తేడా లేదు. సముద్రపు గుర్రానికి చుట్టాలైన, పుల్లలా సన్నగా ఉండే పైప్‌ఫిష్ జంట మాత్రం లేదు. ఒకటి రాళ్ల సందులో ఎండుపుల్లలా దొరికింది, రెండోది దొరకనేలేదు. "దానంతటదే తిండి వేసే ఆటో ఫీడర్‌ని రోజుకి మూడుసార్లు పడేలా పెట్టానన్నా" అన్నాడు. పెట్టాడు, నిజమే. దాంట్లో పోసింది పొడి గుళికలు.

ఇలా నేను చూసిన ఇళ్లలో అది మూడోది. ముగ్గురూ తెలివైనవాళ్లే, ముగ్గురూ ట్యాంకు మీద వేల డాలర్లు పోసినవాళ్లే. తప్పు మాత్రం ఒక్కటే: ఆటో ఫీడర్‌ని నమ్ముకుని విమానం ఎక్కడం. మళ్లీ డిసెంబర్ వస్తోంది కాబట్టి ఇది రాస్తున్నాను. ఉప్పు ఎంతుండాలి, నైట్రేట్ ఎంతుండాలి అన్నది రాయను. సముద్రపు నీటి ట్యాంకు నడిపేవాళ్లకి అవి కొత్త కాదు.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకి ముందుగా ఒక మాట. 2001లో సముద్రపు గుర్రాలతో పాటు పైప్‌ఫిష్‌ల కుటుంబం మొత్తాన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, అంటే పులి ఉన్న జాబితాలో. వైజాగ్ రేవులో వలకి పడిందని ఎవరైనా తెచ్చిచ్చినా ఇంటికి తీసుకెళ్లకండి. కింద రాసేదంతా అమెరికాలో చట్టబద్ధంగా కొని పెంచుకుంటున్నవాళ్లకి.

ఇక అసలు విషయం. పైప్‌ఫిష్‌కి పళ్లు లేవు, జీర్ణాశయం లేదు. మూతి స్ట్రాలాంటి గొట్టం. కదిలే చిన్న ప్రాణి దగ్గరికొస్తే దాన్ని చటుక్కున పీల్చేస్తుంది. పీల్చింది నేరుగా పేగులోకి పోతుంది, కాసేపటికే బయటికి వచ్చేస్తుంది. తిన్నది దాచుకునే చోటే దాని ఒంట్లో లేదు. క్లౌన్‌ఫిష్ వారం ఉపవాసం ఉన్నా ఏమీ కాదు. ఆ లెక్క పైప్‌ఫిష్‌కి పెడితే మీరొచ్చేసరికి పుల్లే మిగులుతుంది. దానికి రోజుకి కనీసం రెండుసార్లు, మూడైతే ఇంకా మంచిది, సన్నటి మైసిస్ రొయ్యలో బేబీ బ్రైన్ ష్రింపో ముందు తేలుతూ ఉండాలి. నీళ్ల మీద పడి కిందికి దిగిపోయే గుళికని అది తిండిగా గుర్తుపట్టదు. అందుకే మళ్లీ చెబుతున్నాను: ఆటో ఫీడర్‌ని నమ్ముకుని వెళ్లకండి.

"రాళ్లలో కోపెపాడ్లు ఉన్నాయి కదా, అవి తింటుంది" అంటారు కొందరు. కోపెపాడ్లంటే కంటికి ఆనీ ఆనని నీటి జీవులు. ఉంటాయి, ఆ చేప రాకముందు. డ్రాగన్‌ఫేస్ పైప్‌ఫిష్ పొద్దస్తమానం ఇసుక మీదా రాళ్ల మీదా పాకుతూ వాటినే ఏరుకుంటుంది. చిన్న ట్యాంకులో జంట ఉంటే కొన్ని వారాల్లో ఊడ్చేస్తాయి. బయల్దేరేముందు ఒక సీసా కోపెపాడ్లు గుమ్మరించి వెళ్లడం ప్రయాణం రోజు దిష్టి తీసినట్టే. తృప్తి మీకు, ఆకలి దానికి.

కాబట్టి మనిషి కావాలి. రోజూ వచ్చే మనిషి. వచ్చి డబ్బా విదిలించి వెళ్లడం కాదు, అది తినడం కళ్లారా చూసి వెళ్లాలి. దగ్గరగా నిలబడి చూస్తే మూతి ఒక్కసారి టక్కున పైకి లేస్తుంది, ఎదురుగా ఉన్న మైసిస్ మాయమవుతుంది. అదే గుర్తు. మీరు బయల్దేరడానికి రెండు వారాల ముందు నుంచీ ఆ మనిషితో నాలుగైదుసార్లు మీ ఎదుటే తినిపించండి.

మా అత్తగారు ఆరు నెలలు మా దగ్గర ఉన్నప్పుడు ఈ పని ఆవిడకి అప్పగించాం. ఊళ్లో కోళ్లకి నూకలు చల్లినంత శ్రద్ధగా చేశారు. మొదటిరోజు మాత్రం "ఇంత చిటికెడా, పాపం" అని వారానికి సరిపడా మైసిస్ ఒక్కపూటే వేసేశారు. మిగిలింది కుళ్లి అమ్మోనియా పెరిగింది, రాత్రికి రాత్రి నీళ్లు మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచీ మందుల షాపులో దొరికే వారం మాత్రల డబ్బాలు వాడుతున్నాం. ఉదయం గడిలో ఒక పూటకి, సాయంత్రం గడిలో ఇంకో పూటకి మైసిస్ సర్ది ఫ్రీజర్‌లో పెట్టేయడమే. చూసేవాళ్లు ఒక గడి తీసి, కరిగించి, ఆర్వో నీళ్లతో కడిగి వేస్తే చాలు. అంచనాలు వాళ్లకి వదలకండి.

తిండి వేసేటప్పుడు పంపు ఆపితే మైసిస్ కాసేపు చేపల ముందు ఉంటుంది. కానీ ఆపినవాళ్లు పంపు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోతారు. పది నిమిషాల తర్వాత దానంతటదే మొదలయ్యే ఫీడ్ మోడ్ ఉంటేనే ఆపమనండి. లేకపోతే పంపు జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పండి. తిండి కొంత కొట్టుకుపోయినా నష్టంలేదు, పంపు రాత్రంతా ఆగితే ట్యాంకే పోతుంది.

కరెంటు సంగతి కూడా. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని, కరెంటు పోగానే అదే ఆన్ అయ్యేలా తగిలించండి. ఇంట్లో ఎవరూ ఉండరని ఇంటి హీటింగ్ 55 ఫారెన్‌హీట్‌కి దించేసి వెళ్లకండి, ట్యాంకు హీటర్ ఒక్కటే ఆ చలిని మోయలేదు. హీటర్‌కి విడిగా కంట్రోలర్ ఉండాలి, 74 నుంచి 76 ఫారెన్‌హీట్ మధ్య. అది దాటి వేడెక్కితే విబ్రియో లాంటి బ్యాక్టీరియాకి పండగ, పైప్‌ఫిష్ మూతి కుళ్లడం అక్కడే మొదలవుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ప్రయాణానికి ముందు ఆరు వారాల్లో కొత్త చేపని తేవద్దు. ఏ చేపా వద్దు.

పైప్‌ఫిష్ కొనాలనే ఉంటే తిరిగొచ్చాక కొనండి. షాపులో ఫ్రోజెన్ తిండి తినడం చూశాకే డబ్బులివ్వండి. ట్యాంకులో పుట్టి పెరిగినవి దొరికితే అవే తీసుకోండి.

సిక్స్‌లైన్ రాస్ అనే దుడుకు చేప ఉన్న ట్యాంకులో పైప్‌ఫిష్ వద్దు. మీరు ఇంట్లో ఉన్నా వద్దు.

బ్లూస్ట్రైప్ రకం పైప్‌ఫిష్ మగవి రెండు ఒకేచోట పెట్టొద్దు. కొట్టుకుంటాయి, విడదీయడానికి మీరుండరు.

కుట్టే ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి), పెద్ద పీతలు ఉంటే ముందే తీసేయండి. పంపులు నీళ్లు పీల్చే చోటల్లా స్పాంజి తొడగండి.

బయల్దేరే వారం ఇసుక కెలకొద్దు, రాళ్లు సర్దొద్దు.

జబ్బు చేసినట్టుందని ఎవరు ఫోన్ చేసినా కాపర్ మందు వేయమనకండి.

నీళ్లు తగ్గితే నింపే ఆటో టాప్ ఆఫ్ డబ్బా చిన్నది పెట్టండి. సెన్సర్ ఇరుక్కుని మొత్తం కుమ్మరించినా ఉప్పు మరీ పడిపోకూడదు.

కెమెరా పెట్టండి. డాలస్‌లో సాయంత్రం 7 అంటే డిసెంబర్‌లో మనూళ్లో మర్నాడు ఉదయం 6:30. కాఫీ తాగుతూ చూడొచ్చు. చేపలున్నాయా అని కాదు, తింటున్నాయా అని చూడండి. పొట్ట కింద గీత లోపలికి పోతే మొహమాటపడకుండా వెంటనే ఫోన్ చేయండి.

రోజూ వచ్చేవాళ్లు దొరకలేదా? రెండు వారాల ముందే ఆ జంటని తెలిసిన పెంపకందారు ఇంట్లో విడి ట్యాంకులో దింపేయండి. అదీ కుదరకపోతే వాళ్లకే ఇచ్చేయండి. ఆటో ఫీడర్ క్లౌన్‌ఫిష్‌లకి ఉంచండి.