కరెంటు తీగల మీదుగా ఇంటర్నెట్: పవర్‌లైన్ అడాప్టర్లు అమర్చుకోవడం ఎలా?

మేము విశాఖలో ఎంవీపీ కాలనీలో అద్దెకుంటున్నాం. రౌటర్ కింద హాల్లో ఉంది, నేను పనిచేసుకునే గది మేడ మీద. స్లాబు దాటేసరికి వైఫై నీరసించిపోయేది. గోడకు కన్నం పెట్టించడానికి ఇంటివారు ఒప్పుకోలేదు. అప్పుడు అక్కరకొచ్చినవి గోడలో ఉన్న కరెంటు తీగలే. పవర్‌లైన్ అడాప్టర్లు అంటే సాకెట్లలో పెట్టుకునే రెండు చిన్న పెట్టెలు, ఇవి ఆ తీగల గుండానే ఒక గది నుంచి మరో గదికి ఇంటర్నెట్‌ను పంపుతాయి. మీకు రౌటర్ నుంచి గది దాకా లాన్ కేబుల్ (ఇంటర్నెట్ తీగ) లాగించుకునే వీలుంటే మాత్రం అదే చేయండి, దానికి సాటి లేదు.

ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌ది. అడాప్టర్ పంపే సంకేతాలు 20 లక్షల హెర్ట్జ్ పైమాటే. అందుకే ఒకే తీగలో వెళ్తున్నా రెండూ కలిసిపోవు.

కొనే ముందు మీటర్ చూడండి. మన ఊళ్లో పై వాటాకు వేరే మీటర్ ఉండటం మామూలే. రెండు గదులూ ఒకే మీటర్ కింద లేకపోతే డబ్బు వృథా కావచ్చు. త్రీ ఫేజ్ కనెక్షన్ అయితే ఫేజ్ కూడా ఒకటే కావడం మేలు. ఒక ఫేజ్ పోయినప్పుడు మీ ఇంట్లో ఏయే గదులు కలిసి చీకటవుతాయో గుర్తు చేసుకోండి, అవి ఒక ఫేజ్ మీదున్నట్టే.

తరువాత సాకెట్లు. సముద్రపు గాలికి ఇక్కడ ఇత్తడి ఎంత త్వరగా పాడవుతుందో మనకు తెలుసు. మా మేడ గదిలో ప్లగ్గు పెడితే వదులుగా ఊగేది, లోపల సన్నగా చిటపటమనేది. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి విప్పితే కాంటాక్టులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. కొత్త సాకెట్ వేశాకే అడాప్టర్ నిలకడగా పనిచేసింది. ఈ పని సొంతంగా చేయకండి.

ఇప్పుడు రెండు అడాప్టర్లనూ ఒకే గదిలో గోడ సాకెట్లకు నేరుగా పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు, స్పైక్ గార్డు వద్దు, వాటిలో ఫిల్టర్ ఉంటే అది సంకేతాలను మింగేస్తుంది. ఒకదాని జత (పెయిర్) బటన్ నొక్కి, రెండు నిమిషాల్లోపు రెండోదాని బటన్ నొక్కండి. ఇది వదిలేయకండి. అపార్ట్‌మెంట్లలో సంకేతాలు పక్క ఫ్లాటు తీగల్లోకి పాకవచ్చు, జత కుదిరితే మీ రెండింటికీ సొంత తాళం ఏర్పడుతుంది. ఆ తరువాత ఒకదాన్ని రౌటర్ దగ్గర, రెండోదాన్ని పై గదిలో పెట్టి, మొదటిదాన్ని రౌటర్‌కు, రెండోదాన్ని ల్యాప్‌టాప్‌కు లాన్ కేబుళ్లతో కలపండి.

పెట్టె మీద 600, 1000 అని ఉన్న అంకెలను (సెకనుకు మెగాబిట్లు) నమ్ముకోవద్దు. అవి లెక్కల్లో వచ్చే వేగాలు, చేతికొచ్చేది అందులో చిన్న భాగమే. 600 అని అమ్మే కొన్నింటిలో కేబుల్ రంధ్రమే 100 మెగాబిట్లది. మా ఇంట్లో 100 ప్లానుకు మేడ మీద 50 పైచిలుకు వస్తోంది, వీడియో కాల్‌కు అది చాలు. పక్కనే నాసిరకం ఫోను ఛార్జర్ ఉంటే, లేదా పచ్చడికి మిక్సీ వేస్తే వేగం పడిపోతుంది. ఛార్జర్‌ను వేరే బోర్డుకు మార్చండి.

ఇన్వర్టర్ ఉన్నవారు రెండు అడాప్టర్లనూ ఒకే లైనులో ఉంచండి. ఒకటి ఇన్వర్టర్ లైనులో, మరొకటి బయట ఉంటే బంధం తరచూ తెగుతుంది.

వేసవి సాయంత్రాల్లో ఉరుములు దగ్గరపడకముందే రెండు అడాప్టర్లనూ సాకెట్లలోంచి, కేబుల్‌ను ల్యాప్‌టాప్ నుంచి తీసేయండి.