ఫ్లూ టీకా ఎప్పుడు, ఎలా వేయించుకోవాలి? తర్వాత రెండ్రోజులు ఏమవుతుంది?

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, షుగరుంది, వయసు 68. మొదటిసారి ఫ్లూ సూది వేయించిన రోజు రాత్రి ఒళ్ళు వెచ్చబడింది, ఇంకేముంది, "డబ్బులిచ్చి మరీ జ్వరం తెచ్చుకున్నాం రా, ఏటి లాభం" అని గాజువాక చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పారు. ఇప్పుడేమో ఎండాకాలం రాగానే ఆయనే గుర్తు చేస్తున్నారు. ఈ మధ్యలో మేం చేసిన పొరపాట్లు, డాక్టర్ని అడిగి తెలుసుకున్నవి వరసగా రాస్తున్నా.

ముందు టైమ్ చూసుకోండి. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువవుతుంది, వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి లోపు ఇంకోసారి. టీకా పడ్డాక ఒంట్లో రక్షణ తయారవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, అందుకే విశాఖ వాళ్ళకి నేను చెప్పే గుర్తు ఏంటంటే సింహాచలం చందనోత్సవం అయ్యాక, జూన్ వానలు మొదలవకముందు వేయించేసుకోవడం. మిస్సయితే ఇంక వద్దని కాదు, ఆలస్యంగానైనా పనికొస్తుంది. అలాగని ఒకసారి వేయించుకుంటే జన్మంతా సరిపోదు, రక్షణ కొన్ని నెలల్లో తగ్గిపోతుంది, వైరస్ కూడా రూపం మార్చుకుంటూ ఉంటుంది, కాబట్టి ఏటా వేయించుకోవాల్సిందే.

తర్వాత మీ డాక్టర్తో ఓ మాట అనుకోండి. 65 దాటినవాళ్ళు, షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు, గర్భిణులు ముందు వరసలో ఉండాలి. గర్భిణులు ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు, పుట్టాక మొదటి నెలల్లో బిడ్డకి కూడా ఆ రక్షణ అందుతుంది, అది అవసరం కూడా, ఎందుకంటే ఆరు నెలల లోపు పిల్లలకి ఈ టీకా వేయరు. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకి మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ఇంతకుముందు ఫ్లూ టీకాకి ఒళ్ళంతా ఎలర్జీ వచ్చి ఊపిరాడని పరిస్థితి వచ్చుంటే మాత్రం మళ్ళీ వద్దు. చాలా బ్రాండ్లకి వైరస్‌ని కోడిగుడ్లలోనే పెంచుతారు, గుడ్డు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పండి, చాలామందికి దాని వల్ల ఇబ్బంది ఉండదు. మామూలు జలుబుంటే పర్లేదు, జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వెళ్ళండి.

ఇప్పుడు డబ్బా సంగతి, నేను దెబ్బతిన్నది ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్లో దక్షిణార్ధగోళానికి ఏ రకం వైరస్‌లు పెట్టాలో చెబుతుంది, డబ్బా మీద సంవత్సరంతో పాటు అది ఏ సీజన్‌దో రాసుంటుంది, వానలకి ముందు వెళితే కొత్తదేనా కాదా అని చదివి చూడండి, పాతది అంటగట్టినా మనం అడక్కపోతే ఎవరూ చెప్పరు. పాత డబ్బాల్లో నాలుగు రకాలుంటే ఇప్పుడు మూడే ఉండొచ్చు, కంగారు పడొద్దు, బి యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా కనబడలేదు కాబట్టి తీసేస్తున్నారు. ఇంకోటి, టీకాని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, గడ్డకట్టకూడదు. మొదటేడాది జగదాంబ దగ్గర ఓ షాపులో కొని, మే ఎండకి భయపడి ఐస్ ముక్కల మధ్యలో పాతిపెట్టినట్టు పెట్టి ఎంవీపీ కాలనీ దాకా బండి మీద తెచ్చా, డాక్టర్ సిరంజి పట్టుకుని చూసి "గడ్డకట్టిందమ్మా ఇది, పారేయడమే" అన్నారు. డబ్బులు పోయాయి. అప్పట్నుంచి క్లినిక్ ఫ్రిజ్‌లో ఉన్నదే అక్కడికక్కడే వేయించుకుంటున్నాం, మీరూ అలాగే చేయండి. పిల్లలకి ఉచితంగా వేసే టీకాల లిస్టులో ఇది లేదు, కొనుక్కోవాల్సిందే, రేటు ముందే ఫోన్లో కనుక్కోండి.

వెళ్ళే రోజు పొట్టిచేతుల చొక్కా వేసుకోండి, ఏదో ఒకటి తిని వెళ్ళండి, కుడిచేతి వాటమైతే ఎడమ భుజానికి వేయమనండి. పడ్డాక గట్టిగా రుద్దొద్దు. ఒక పావుగంట అక్కడే కూర్చోండి, తీవ్రమైన ఎలర్జీ చాలా అరుదు, పది లక్షల డోసుల్లో ఒకటి అటూఇటూగా, కానీ వస్తే తొందరగానే తెలుస్తుంది, అప్పుడు డాక్టర్ పక్కనుండటం ముఖ్యం.

ఇంటికొచ్చాక భుజం పోటు, కాస్త ఎరుపు, వాపు, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, కొందరికి చిన్న జ్వరం. మా నాన్నకి రెండో రోజు సాయంత్రానికి తగ్గిపోయింది. సూది టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రావడం జరగని పని, ఆ వెచ్చదనం ఒళ్ళు టీకాని గుర్తుపట్టి పనిచేస్తున్నందుకే. (ముక్కులో కొట్టే స్ప్రే రకం వేరు, అందులో బలహీనపరిచిన వైరస్ ఉంటుంది, గర్భిణులకి అది ఇవ్వరు.) చెయ్యి కట్టేసినట్టు పెట్టకుండా కదుపుతుండండి, చల్లని గుడ్డ వేయండి, మరీ ఇబ్బందైతే మీకు పడే పారాసిటమాల్. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా 108కి చేయండి. జ్వరం మూడ్రోజులు దాటినా, కాళ్ళలో తిమ్మిరి, బలహీనత మొదలైనా డాక్టర్ దగ్గరికి. గిలియన్ బారే అనే నరాల జబ్బు గురించి భయపెడుతుంటారు కదా, అది పది లక్షల మందిలో ఒకరిద్దరికి, ఫ్లూ వచ్చినా ఆ ముప్పు ఉంటుంది.

మరి ఇంత చేస్తే లాభమెంత అంటే, టీకా రకాలు తిరుగుతున్న వైరస్‌కి బాగా కలిసిన ఏడాది ఫ్లూతో డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన అవసరం 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుంది. నూటికి నూరు కాదు. వేయించుకున్నాక కూడా ఫ్లూ రావొచ్చు, కానీ ఆస్పత్రి, ఐసీయూ దాకా వెళ్ళే అవకాశం తగ్గుతుంది, గుండె జబ్బున్నవాళ్ళకి ఫ్లూ వల్ల గుండెపోటు వచ్చే ముప్పు కూడా తగ్గుతుంది. మామూలు జలుబుకి మాత్రం ఇది మందు కాదు, అది వేరే వైరస్‌లు. "టీకా వేయించుకున్నా తుమ్ములొచ్చాయి" అనేవాళ్ళలో ఎక్కువమందికి వచ్చేది ఆ జలుబే, మా నాన్న ఆగస్టులో ఏడాదికోసారి ఇదే అంటారు.

బయటికొచ్చేముందు డబ్బా మీదున్న బ్రాండ్, బ్యాచ్ నంబర్, తేదీ ఫోన్లో ఫొటో తీసుకోండి, వచ్చే ఏడాది డాక్టర్ మొదట అడిగేది అదే.