గోదావరి పక్కన ద్రాక్ష: కత్తెర ఎప్పుడు పట్టాలి

కడియం నర్సరీ నుంచి మొక్క తెచ్చాం, పందిరంతా అల్లుకుంది, కానీ ఆకే తప్ప కాయ లేదు అని మన వైపు చాలామంది బాధపడతారు. ఇంకో గుప్పెడు ఎరువు వేసే ముందు ఏ నెలలో కత్తిరించారో గుర్తు చేసుకోండి, తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఫ్రాన్స్‌లో వైన్ ద్రాక్ష చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. వాతావరణం 10 డిగ్రీలు దాటాక, మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ లోపు కళ్ళు (కొమ్మ మీద చిగురొచ్చే మొగ్గలు) విచ్చుకుంటాయి, జూన్‌లో పూత, ఆగస్టుకి కాయ రంగు తిరుగుతుంది, సెప్టెంబరులో కోత. కోనసీమలో అంత చలి రాదు, తీగకి నిద్రే ఉండదు. చలి చేసే పని ఇక్కడ కత్తెరతో మనమే చెయ్యాలి, అదీ ఏడాదికి రెండుసార్లు.

మొదటిది వేసవిలో. పండు కోసెయ్యగానే, ఏప్రిల్ మొదటి వారం దాటకుండా, కాసిన కొమ్మలన్నీ ఒకటి రెండు కళ్ళు మాత్రం ఉంచి కత్తిరించండి. పందిరి బోసిపోతే మనసొప్పదు, అయినా కొయ్యాల్సిందే. ఆ తర్వాత 40 నుంచి 60 రోజుల మధ్య, బయటికి ఏమీ కనబడకుండానే, కొత్త కొమ్మల కళ్ళలో వచ్చే పంట గుత్తి రూపు కడుతుంది. దానికి ఎండ కావాలి. జూన్‌లో ముసురు పట్టేలోపు ఆ రోజులు గడిచిపోవాలనే ఈ తొందరంతా. కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి కట్టండి, ఈ సమయంలో యూరియా జోలికి పోకండి.

రెండోది కాయ కోసం. నాసిక్‌లో అక్టోబరులో కత్తిరిస్తారని విని నేనూ ఒక ఏడాది అలాగే చేశాను, లేత చిగురు మీద నాలుగు రోజులు వాన పట్టి బూజు తెగులు వచ్చింది, పూత గుత్తులతో సహా మాడిపోయింది. మనకి అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు, 1996 నవంబరు 6 తుఫానుని ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అందుకని నవంబరు మూడో వారం దాటాక, వాతావరణ వార్తలు చూసుకుని కత్తెర పట్టండి. రకాన్ని బట్టి కొమ్మకి నాలుగైదు నుంచి పది కళ్ళ దాకా ఉంచాలి.

కత్తిరించిన రోజే తీగంతా తడిసేలా, బూజు రాకుండా బోర్డో మిశ్రమం కొట్టండి. 10 లీటర్ల నీళ్ళకి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, మైలుతుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలో పొయ్యండి. అందులో ఇనుప చాకు ముంచితే రాగి రంగు పట్టకూడదు, పడితే ఇంకాస్త సున్నం వెయ్యాలి. లేత ఆకు మీదైతే సగం బలం చాలు.

ఈ రెండో కత్తిరింపు నుంచి రెండు వారాల్లో చిగురు, 40 రోజులకి అటూ ఇటూగా పూత, 80-90 రోజులకి కాయ మెత్తబడటం, 120-130 రోజులకి కోత. మన నల్లమట్టిలో మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది, కాబట్టి మొక్కని ఎత్తు మట్టి మీదే నాటండి, కాయ మెత్తబడ్డాక నీళ్ళు బాగా తగ్గించండి.

షిరాజ్ లాంటి వైన్ రకాలు పెట్టమంటారా అంటే, ఇంటికైతే వద్దంటాను. వెచ్చటి రాత్రులకి పండులో పులుపు త్వరగా పడిపోతుంది, వైన్‌కి ఆ పులుపు కావాలి. బెంగళూరు బ్లూ పెట్టుకోండి, గింజ ఉన్నా బూజుని బాగా తట్టుకుంటుంది. రంగొచ్చింది కదా అని కోసెయ్యకండి, కోశాక ద్రాక్ష ఇంక పండదు. గుత్తి కొసన ఉన్న కాయ తిని చూడండి, అది తియ్యగా ఉంటే గుత్తంతా పండినట్టే.