అమెరికాలో తుపాకీ యువకుల చేతికి చేరకుండా అడ్డుకోవడం ఎలా

అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల వయసువారి మరణాలకు 2020లో రోడ్డు ప్రమాదాలను దాటి తుపాకులే ప్రథమ కారణమయ్యాయి. ఈ మాట వినగానే పాఠశాలల్లో జరిగే సామూహిక కాల్పులే గుర్తుకొస్తాయి గానీ, మొత్తంలో వాటి వాటా చాలా తక్కువ. వీధి తగాదాల్లో జరిగే హత్యలు, ఇళ్లలో జరిగే ఆత్మహత్యలే ఎక్కువ. నెపం వీడియో గేముల మీదికో మానసిక రుగ్మతల మీదికో నెట్టేయడం సులువే. అయితే ఆ గేములూ ఆ రుగ్మతలూ మిగతా సంపన్న దేశాల్లోనూ ఉన్నాయి, ఇన్ని కాల్పులు మాత్రం లేవు. కోపం, అవమానం, నిస్పృహ ఏ దేశపు కుర్రవాడికైనా ఉండేవే. అవి ముదిరిన గంటలో తుపాకీ అందుబాటులో ఉందా లేదా అన్నదే అసలు తేడా.

కనుక పని ఇంటినుంచే మొదలుపెట్టాలి. తుపాకీలోని తూటాలు తీసేసి దాన్ని తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. తూటాలను వేరేచోట, మరో తాళంలో ఉంచాలి. తాళంచెవి గానీ కోడ్ గానీ పిల్లలకు తెలియనివ్వకూడదు. బీరువాలో బట్టల కింద దాచి, "మావాడికి తెలియదులే" అనుకునే తల్లిదండ్రులు చాలామందే ఉంటారు, కానీ ఇంట్లో ఏది ఎక్కడుందో పిల్లలకు తెలిసినంతగా పెద్దలకు తెలియదు. పిల్లవాడు కుంగిపోయి కనిపిస్తే తాళంతో సరిపెట్టుకోకుండా, కొంతకాలం తుపాకీని ఇంట్లోనుంచే తరలించాలి. ఆత్మహత్య ఆలోచన తీవ్రత తరచు కొద్దిసేపే ఉంటుంది, ఆ సమయం గడిచేలా చూడగలిగితే చాలామంది బతుకుతారు. ఆత్మహత్య ఆలోచనలతో సతమతమయ్యేవారికి అమెరికాలో 2022 నుంచి 988 నంబరుకు ఫోన్ చేసినా, సందేశం పంపినా సహాయం అందుతోంది. పిల్లలు స్నేహితుల ఇంటికి వెళ్లేటప్పుడు అక్కడ తుపాకీ ఉందా, తాళంలో ఉందా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

పాఠశాల చేయవలసింది మెటల్ డిటెక్టర్లతో అయిపోదు. అధ్యక్షుడి భద్రత చూసే అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 37 పాఠశాల దాడులను పరిశీలించి 2002లో ఇచ్చిన నివేదిక ప్రకారం, నూటికి ఎనభైకి పైగా ఘటనల్లో దాడి చేసినవారి ఉద్దేశం ముందే కనీసం మరొకరికి తెలుసు. తెలిసినవారు భయం లేకుండా చెప్పగల మార్గం, ఆ మాటను అదే రోజు పట్టించుకునే బృందం ఉండాలి. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్‌లో 2021 నవంబరు 30న ఏం జరిగిందో చూడండి. ఒక విద్యార్థి లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ గీసి, సాయం చేయమని రాశాడు. ఉపాధ్యాయురాలు గమనించింది, తల్లిదండ్రులను పిలిపించారు, వారు అతణ్ని ఇంటికి తీసుకెళ్లలేదు, సంచీ ఎవరూ తెరిచి చూడలేదు. తండ్రి నాలుగు రోజుల కిందట కొన్న తుపాకీ అందులోనే ఉంది. అతడు జరిపిన కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. 2024లో అతడి తల్లిదండ్రులిద్దరికీ జైలుశిక్ష పడింది. ఇలాంటి సూచన కనబడినప్పుడు సంచీ చూడాలి, ఇంట్లో ఆయుధం ఉందా అని సూటిగా అడగాలి, పిల్లవాణ్ని ఒంటరిగా వదలకూడదు. బడినుంచి పంపేసి చేతులు దులుపుకుంటే అతడిపై ఉన్న కాస్త పర్యవేక్షణ కూడా పోతుంది.

ప్రమాదం స్పష్టంగా ఉన్నప్పుడు కోర్టు ఉత్తర్వుతో తాత్కాలికంగా తుపాకులను స్వాధీనం చేసుకునే "రెడ్ ఫ్లాగ్" చట్టాలు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఈ తరహా చట్టాన్ని 1999లో మొదట తెచ్చింది కనెక్టికట్. పార్క్‌లాండ్‌లోని పాఠశాలలో జరిగిన కాల్పుల తర్వాత 2018లో ఫ్లోరిడా కూడా తెచ్చింది. ఎవరు దరఖాస్తు చేయవచ్చన్నది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది కాబట్టి, అవసరం పడకముందే తెలుసుకుని పెట్టుకోవడం మేలు.

వీధి హింసది మరో దారి. అక్కడ చాలామంది కుర్రవాళ్లు తుపాకీ పట్టేది భయంతోనే, ఒక కాల్పుకు బదులుగా మరొకటి జరుగుతుంది. బోస్టన్‌లో 1996లో పోలీసులు, చర్చి పెద్దలు, వీధుల్లో పనిచేసే కార్యకర్తలు కలిసి ముఠాలలోని యువకులను ఎదురుగా కూర్చోబెట్టి, కాల్పులు ఆపితే సాయం, ఆపకపోతే ముఠా మొత్తం మీద చర్య అని తేల్చిచెప్పారు. యువకుల హత్యలు 60 శాతానికి పైగా తగ్గాయి. షికాగోలో వేసవి ఉద్యోగాలు ఇచ్చిన యువకుల్లో హింసాత్మక నేరాలకు అరెస్టులు గణనీయంగా తగ్గాయి. ఫిలడెల్ఫియాలో పాడుబడిన ఖాళీ స్థలాలను శుభ్రంచేసి గడ్డి, చెట్లు పెంచితే పేద పేటల్లో కాల్పులు తగ్గాయి. అయితే హత్యలు తగ్గగానే ఇలాంటి కార్యక్రమాలకు నిధులు ఆపేయడం నగరాలకు అలవాటు. బోస్టన్ కూడా 2000 ప్రాంతంలో ఆ పద్ధతిని వదిలేసింది, తర్వాతి ఏళ్లలో హత్యలు మళ్లీ పెరిగాయి. అందువల్ల నగర మండలి బడ్జెట్ సమావేశాలకు వెళ్లేవారు కార్యక్రమం మొదలుపెట్టమని మాత్రమే కాక, హత్యలు తగ్గిన ఏడాది కూడా దాని నిధులు కొనసాగించాలని రాతపూర్వకంగా కోరాలి.