పాత ఫ్లాపీల కోసం ఆన్‌లైన్‌లో సాయం కోరే ముందు జాగ్రత్తలు

బరంపురం, పర్లాకిమిడి వంటి చోట్ల తెలుగు సంఘాల పాత లెక్కలు, సావనీర్ల ప్రతులు ఫ్లాపీలలో (పాత కంప్యూటర్లలో ఫైళ్లు దాచుకునే పలుచని అయస్కాంత డిస్కులలో) మిగిలి ఉంటే, వాటిని డ్రైవులో పెట్టకముందే లోపలి పొరపై బూజు మచ్చలున్నాయేమో వెలుతురులో పరిశీలించాలి. బూజు పట్టిన డిస్కు తాను చెడడమే కాక, డ్రైవులో డిస్కును చదివే భాగమైన హెడ్‌నూ పాడుచేస్తుంది.

3.5 అంగుళాల డిస్కుకు మూలనున్న చిన్న మీటను జరిపి రంధ్రం తెరిచి ఉంచితే దానిపై కొత్తగా ఏదీ రాయబడదు, 5.25 అంగుళాల దానికి, ఇందుకు భిన్నంగా, పక్కనున్న గాడిని మూసివేయాలి.

ఫార్మాట్ చేయమంటారా, అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపి కొత్తగా సిద్ధం చేయమంటారా అని కంప్యూటరు అడిగితే ఎంతమాత్రం ఒప్పుకోకూడదు.

సాయం చేసేవారికి డిస్కు పరిమాణం, లేబుల్‌పై రాత తెలపాలి గాని, సభ్యుల చిరునామాలు కనిపించే ఫొటోలు పంపకూడదు. యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకు కంప్యూటర్లలో వాడే ఉమ్మడి సంకేత పద్ధతికి) ముందునాటి తెలుగు ఫైళ్లయితే అప్పటి ఫాంటు పేరు కూడా చెప్పాలి. లేకుంటే ఫైలు తెరుచుకున్నా అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి.