తిక్సే గోంపాలో ఉదయం పూజకు వెళ్లాలంటే

లదాఖ్‌లో తిక్సే గోంపా అనే బౌద్ధ మఠంలో ఉదయం పూజ చూడాలని చాలామంది బయల్దేరతారు. తీరా ఆ పొద్దున హోటల్ గదిలో తల పట్టుకుని పడుంటారు.

సామాన్ల గురించి రెండు ముక్కలు చాలు. ఉన్ని బట్టలు, మందపాటి సాక్సులు (లోపల బూట్లు విప్పాలి, నేల జిల్లుమంటుంది), పోస్ట్‌పెయిడ్ సిమ్. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. లేహ్ నుంచి తిక్సే 19 కిలోమీటర్లు, టాక్సీ ముందురోజే మాట్లాడుకోండి.

అసలు చిక్కంతా మొదటి 2 రోజులతోనే. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది, హైదరాబాదేమో అయిదొందల చిల్లర. విమానం దిగేసరికి ఒంటికి అందే ఆక్సిజన్ మూడింట రెండొంతులకు పడిపోతుంది. అయితే ఆ పూటకేమీ తెలియదు. సంచిలో చిప్స్ ప్యాకెట్ పగిలేలా ఉబ్బి ఉన్నా మనం హుషారుగానే ఉంటాం, శాంతి స్తూపం మెట్లు కూడా ఎక్కేస్తాం. రాత్రికి మొదలవుతుంది తలపోటు, వాంతులు.

అందుకే మొదటి రోజు మంచం దిగొద్దు. "ఊరికే బజారు దాకా" కూడా వద్దు. నీళ్లు తాగుతూ ఉండండి, మద్యం ముట్టుకోవద్దు, నిద్రమాత్ర అసలే వద్దు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా అన్నది ఊరు కదలకముందే డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడవంటే అదీ చెప్పండి. రెండో రోజు చదును దారిలో కాసేపు నడిస్తే చాలు. ఆ రోజే లేహ్‌కన్నా ఎంతో ఎత్తున ఉండే ఖర్దుంగ్ లా కనుమకు తిప్పుతామనే ప్యాకేజీకి దణ్ణం పెట్టేయండి.

కాస్త తలనొప్పి మామూలే. అది పెరుగుతున్నా, పడుకున్నా ఆయాసం తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అనుమానంగా ఉంటే మడమకు బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నడిపించి చూడండి. తూలితే తెల్లారేదాకా ఆగొద్దు. ఆక్సిజన్ డబ్బా పీల్చి సర్దుకుందామనుకోవద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి, డాక్టరు కిందికి దిగమంటే దిగండి.

నేనైతే శ్రీనగర్ మీదుగా రోడ్డు దారినే వెళ్తాను. మొదటి రాత్రి కార్గిల్‌లో పడుకుంటే 2,700 మీటర్ల లోపే, ఒళ్లు మెల్లగా అలవాటుపడుతుంది. మనాలీ దారిలో చాలామంది రాత్రి ఆగే సర్చు లేహ్‌కన్నా దాదాపు 800 మీటర్లు పైన! అదేం సుఖమో వెళ్లినవాళ్లకే తెలియాలి.

మూడో రోజు చీకటితోనే బయల్దేరండి. పూజ వేళ ముందురోజే కనుక్కోండి, గోంపా పైకప్పు మీద పొడవాటి బూరలు ఊదేసరికి అక్కడుండాలి. ప్రదక్షిణం మన గుళ్లలోలాగే కుడివైపుగా. లోపల గోడవార కూర్చోండి, భిక్షువుల ఆసనాల మీద కాదు. కాళ్లు విగ్రహం వైపు చాపొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. ఉప్పు, వెన్న వేసిన టీ పోస్తే గుక్క తాగిన ప్రతిసారీ మళ్లీ నింపేస్తారు. వద్దనుకుంటే కప్పు నిండుగానే ఉంచి, లేచే ముందు తాగేయండి.

మైత్రేయుడి (రాబోయే బుద్ధుడి) మందిరానికి పూజయ్యాకే వెళ్లండి. విగ్రహం 15 మీటర్లు, రెండంతస్తుల ఎత్తు. పాదాల కోసం వెతక్కండి. పై అంతస్తు గుమ్మం దాటగానే ఎదురుగా ఆ ముఖమే ఉంటుంది.